కుడి పక్క చిల్లు

పడవ రేవు
సోమవారం

తమ్ముడికి,

నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. నది రేవు మెట్లు రెండు మింగింది. ఇవాళ పదమూడు సార్లు అటూ ఇటూ తిరిగాను. బడి పంతులు, ఆయన సైకిలు, ఎవరిదో కుట్టుమిషను, రెండు మేకలు. మేకలు దిగమని మొండికేస్తే పంతులే దింపాడు. అడుగున చేరిన నీళ్లు తోడేసి ఇంటికొచ్చేసరికి తపాలా మనిషి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వానలో తడుస్తున్నావు, లోపలికి రావయ్యా అంటే రాలేదు. అప్పుడే నాకు అర్థమైంది.

మన నడిపోడు పోయాడు. నీ అన్న పోయాడు.

కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. పొగమంచులో, తెల్లవారుతుండగా, ఎదురుగా వచ్చిన మరో ఓడ ఢీకొని వాడి ఓడ మునిగిందట. వాడు ఓడ తిప్పే చక్రం దగ్గర డ్యూటీలో ఉన్నాడట. నమ్మకం కుదరక పంతుల్ని వెనక్కి పిలిచి మళ్లీ చదివించాను.

"గుద్దింది శత్రువుల ఓడా?" అని అడిగాను.

"కాదమ్మా, మన పక్షం ఓడే. యుద్ధం కదా, దీపాలార్పి నడుపుతున్నారు. ఇలాంటివి అవుతుంటాయి."

"ఏవయ్యా అయ్యేది? పదిహేడేళ్లుగా తెడ్డు వేస్తున్నాను. ఈ రేవులో రెండు పడవలు గుద్దుకోగా చూశావా నువ్వు? మంచులో కూడా?"

పంతులు గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

గుద్దిన ఓడ ముక్కు నలిగి మీ రేవుకే మరమ్మతుకి వచ్చిందని, విచారణ కూడా అక్కడేనని కాగితంలో రాశారు. నువ్వు రోజూ నడిచే చోటికే దాన్ని తెచ్చి పెట్టారు. దాని చక్రం పట్టినవాడు ఎవడో కనుక్కో. నీ చేతిలో సుత్తి ఉంది.

నేను ఏడవలేదు. దానికి తర్వాత బోలెడు టైముంది.

అక్క


మరమ్మతు రేవు, కార్మికుల బస
ఆదివారం

అక్కకి,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులోనే పెట్టుకుని తిరిగాను.

ఆ ఓడ ఇక్కడే ఉంది. నీళ్లు తోడేసిన గోతిలో, దుంగల మీద నిలబెట్టారు. దాని ముక్కు మీద నలిగిన రేకులు విప్పే పని మా జట్టుకే పడింది. పరంజా ఎక్కి రివిట్లు ఒక్కొక్కటీ ఊడగొడుతున్నాం. మూడో వరస రేకు మడతలో ముదురెరుపు రంగు అంటుకుని ఉంది. ఈ ఓడది బూడిద రంగు. ఆ ఎరుపు ఎవరి ఓడదో మేస్త్రీ చెప్పక్కర్లేకపోయింది. గోటితో గీకి చూశాను.

చక్రం పట్టినవాడు కూడా ఇక్కడే ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. సన్నగా ఉంటాడు, మెడ ముందుకు వాల్చి నడుస్తాడు. విచారణ అయ్యేదాకా ఊరు దాటకూడదన్నారట. ఓడ మీదే పడుకుంటాడు. పగలు ఊరికే ఉండలేక మాకు నీళ్ల డబ్బా మోస్తాడు. అందరూ వాణ్ణి చక్రంవాడు అనే పిలుస్తారు.

"ఇదిగో, చూసుకుని రా. మా పరంజాని కూడా గుద్దేవు!" అని మావాళ్లు ఎగతాళి చేస్తారు. వాడు నవ్వడు, కోపం తెచ్చుకోడు. డబ్బా దింపి గ్లాసు అందిస్తాడు.

నేనెవరి తమ్ముణ్ణో వాడికి ఇంకా తెలియదు.

తమ్ముడు


పడవ రేవు
శుక్రవారం

తమ్ముడికి,

గ్లాసు అందిస్తే తాగావా? ఆ ఒక్క ముక్క రాయలేదు నువ్వు.

మెడ వాల్చి నడుస్తాడట. నడవడా మరి! వాడి మెడ సంగతి నాకెందుకు? నడిపోడికి మెడే లేకుండా పోయింది. పాతిపెట్టడానికి శవం కూడా లేదు.

నువ్వు చిన్నవాడివి, పడవ మీద ఉండకుండా ఇనుము పనికి పోయావు. వాణ్ణి నేనెలా తయారు చేశానో నీకు తెలియదు. మూడేళ్లు నా చేతి కింద ఉన్నాడు. మన పడవకి తెడ్డు ఎడమ పక్కన ఉంటుంది కదా. ఎదురు పడవ వస్తే తెడ్లు తగులుకోకుండా ఇద్దరూ ఎడమకే తొలగాలి. మొదట్లో ప్రతిసారీ వాడు ఒక్క క్షణం ఆగేవాడు. ఆ ఆగినప్పుడల్లా గడకర్రతో వేళ్ల మీద కొట్టేదాన్ని. "ఆలోచించకురా, నీ చెయ్యి ఆలోచించాలి" అనేదాన్ని. కళ్లకి గుడ్డ కట్టి నడిపించాను. చివరికి ఎదురు తెడ్డు చప్పుడు వింటే చాలు, నిద్రలో కూడా ఎడమకి తిప్పేవాడు. భర్తీ గుమాస్తా రేవుకొచ్చి "తెడ్డు పట్టినవాడికి చక్రం ఎంతసేపు!" అని వాణ్ణి తీసుకుపోయిన రోజున, రేవంతటికీ నేనే చెప్పుకున్నాను, మావాణ్ణి ఏరుకుని పట్టుకెళ్లారని.

అంతటివాణ్ణి గుద్దాడంటే ఆ చక్రంవాడు గుడ్డివాడైనా అయుండాలి, తాగైనా ఉండాలి.

నువ్వు పరంజా మీద పనిచేస్తావు. వాడూ దాని మీదకి ఎక్కుతాడు. కింద రాతి నేల. ఇంతకన్నా నేను రాయను.

అక్క


కార్మికుల బస
గురువారం

అక్కకి,

నువ్వు రాయనిది నాకు అర్థమైంది. చేద్దామనే అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం అందరూ తిండికి దిగాక పై వరస పలక కట్టు విప్పాను. చూడ్డానికి బిగిసే ఉంటుంది, కాలు పెడితే తిరగబడుతుంది. వాడు నీళ్ల డబ్బాతో నిచ్చెన ఎక్కాడు. నేను పక్క పలక మీద కూర్చుని రొట్టె నములుతున్నాను. వాడి కాలు లేచింది.

"ఆగు!" అన్నాను.

ఆగాడు. కట్టు వంక చూశాడు, నా వంక చూశాడు. "ఊడింది" అన్నాడు.

"ఊడింది" అన్నాను.

డబ్బా కింద పెట్టి, ఒక పక్క వాడు పట్టుకుంటే రెండో పక్క నేను బిగించాను. నన్ను ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టు. నా చేత కాలేదు.

కానీ వేరే దారి ఉంది. నడిపోడి ఓడ మీద వంటవాడొకడు బతికి బయటపడ్డాడు. గుద్దుకునేటప్పుడు చక్రం గదిలోకి టీ పట్టుకెళ్లాడట. ఆ గదిలో ఉన్నవాళ్లలో మిగిలింది అతనొక్కడే. సాక్ష్యానికి పిలిపించారు, మా బసలోనే ఉంటున్నాడు. నిన్న అతనితో మాట్లాడాను. వచ్చే నెల విచారణ. చక్రంవాడు ఆలస్యంగా తిప్పాడని వాడి ఓడ ఆఫీసరే చెబుతున్నాడు. పదేళ్లు జైలు పడుతుందని ఇక్కడ అనుకుంటున్నారు.

కాబట్టి నువ్వింక పరంజా సంగతి ఎత్తకు.

తమ్ముడు


పడవ రేవు
మంగళవారం

తమ్ముడికి,

నిన్ను తిట్టాలని కూర్చుని, పదేళ్లన్న మాట దగ్గర ఆగిపోయాను. పదేళ్లు బాగుంది. రాయి మీద పడితే ఒక్క క్షణంలో అయిపోతుంది. పదేళ్లయితే ప్రతి పొద్దునా లేచి గోడ చూడాలి. ఈ పూట తృప్తిగా తిన్నాను. చాలా రోజులైంది అలా తిని.

ఇప్పుడు నాకన్నీ రాయి. వంటవాడు ఏం చూశాడు, ఏం విన్నాడు? నడిపోడు చివరికి ఏమైనా అన్నాడా? ఓడకి చిల్లు ఏ పక్కన పడింది, ఎంతసేపటికి మునిగింది? నువ్వు కొలతలు తెలిసినవాడివి. నీకు నోటికొచ్చినట్టు కాకుండా, ఉన్నది ఉన్నట్టు రాయి. తెడ్డు వేస్తూ అదే ఆలోచిస్తున్నాను. వివరం తెలియకపోతే రోజుకో రకంగా కనబడుతోంది.

విచారణకి నేనొస్తాను. శిక్ష చదివేటప్పుడు వాడి మొహం చూడాలి.

అక్క


కార్మికుల బస
సోమవారం

అక్కకి,

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. కొత్త రేకులు వచ్చాయి.

నువ్వడిగినవి. చిల్లు కుడి పక్కన పడింది, చక్రం గదికి కాస్త వెనక, ఇంజను దగ్గర. పద్దెనిమిది అడుగుల పొడవు. ఓడ పదకొండు నిమిషాల్లో మునిగింది. శత్రువులు వింటారని కూత వెయ్యకూడదని హుకుం ఉందట. అందుకే ఎవరూ కూత వెయ్యలేదు. నడిపోడు చక్రం వదల్లేదు.

నువ్వు రావక్కర్లేదు. నది పొంగు మీద ఉంది, రేవు ఎవరు చూస్తారు? జరిగేది నేను రాస్తాను.

తమ్ముడు


పడవ రేవు
ఆదివారం

తమ్ముడికి,

నీ ఉత్తరం అంది ఇరవై రోజులైంది. వాన తగ్గింది. నది దిగింది.

రెండు చెప్పులు నేల మీద ఎదురెదురుగా పెట్టాను. ఒకటి వాడి ఓడ, ఒకటి నడిపోడి ఓడ. వాడి చెప్పుని ఎటు తిప్పినా సరే, నడిపోడి చెప్పుని కుడికి తిప్పితే దెబ్బ ఎడమ పక్కనే తగులుతోంది. ఎడమకి తిప్పితేనే కుడి పక్కన తగులుతోంది. పది సార్లు చూశాను. తర్వాత పంతుల్ని పిలిచి, చెప్పులెందుకో చెప్పకుండా, సముద్రం మీద ఎదురుపడితే ఓడలు ఎటు తొలగాలో పుస్తకంలో చూసి చెప్పమన్నాను. మూడో రోజున వచ్చి చెప్పాడు. ఇద్దరూ కుడికట.

చక్రంవాడు కుడికే తిప్పాడు. నడిపోడు ఎడమకి తిప్పాడు.

ఎడమ నేనే నేర్పాను. వేళ్ల మీద కొట్టి నేర్పాను.

వంటవాడు ఏం విన్నాడని అడిగాను. అన్నిటికీ అడుగులూ నిమిషాలూ రాసి ఆ ఒక్కటీ వదిలేశావు. ఇప్పుడు రాయి.

అక్క


కార్మికుల బస
గురువారం

అక్కకి,

నువ్వు కనుక్కుంటావని అనుకోలేదు. చిల్లు సంగతి రాసేటప్పుడు నా బుర్ర పనిచెయ్యలేదు. రేకుల కొలతలు రాసినట్టే రాసేశాను.

వంటవాడు టీ పట్టుకుని తలుపు తీసేసరికి మంచులోంచి నల్లగా ఎదురు ఓడ ముక్కు కనబడిందట. పక్కనున్న ఆఫీసరు "కుడికి! కుడికిరా గాడిదా, కుడికి!" అని గొంతు చించుకున్నాడట. ఆయన నోరు తెరిచేలోపలే నడిపోడి చేతులు చక్రాన్ని ఎడమకి తిప్పేశాయట. తర్వాత వాడు తన చేతుల వంక చూసుకున్నాడట. ఇంకేం అనలేదు.

ఇది అతను నాకొక్కడికే చెప్పాడు. చెప్పొద్దని నేనే అడిగాను.

"నన్ను నీళ్లలోంచి జుట్టు పట్టి లాగింది ఆ చక్రంవాడే. వాడి మీద అబద్ధం చెప్పమంటావా?" అన్నాడు.

"అబద్ధం వద్దు. విన్నది చెప్పకు, చాలు. మంచులో ఏం తెలియలేదను."

"చచ్చినవాడికి పేరెందుకురా?"

"మాకు కావాలి" అన్నాను. ఒప్పుకున్నాడు.

నీకోసమే చేశాను. ఈ ముక్క విచారణ కాగితంలోకి ఎక్కితే రేపు రేవులో ఏమనుకుంటారు? తమ్ముణ్ణీ, ఓడలో ఉన్న ముప్పై మందినీ ముంచిన చెయ్యి ఇదేనని నీ తెడ్డు వంక చూస్తారు. చక్రంవాడికి ముందూ వెనకా ఎవరూ లేరు. పదేళ్లు ఉండి వస్తాడు. నడిపోడు రాడు. వాడి ఓడ వాడి ఓడే, గుద్దిన ముక్కు వాడి ముక్కే. ఆ ఎర్రరంగు గోటితో గీకింది నేను.

అప్పుడు పరంజా మీద నేను మెత్తబడ్డాను. ఇప్పుడు నేను గట్టిగా ఉంటే నువ్వు మెత్తబడుతున్నావు. ఎవడో ఒకడు అనుభవించాలి. పదేళ్లు బాగుందని నువ్వే రాశావు.

విచారణ పదో తేదీన. నువ్వు వచ్చి నోరు విప్పితే నాకు అక్క లేదు.

తమ్ముడు


పడవ రేవు
మంగళవారం

తమ్ముడికి,

శనివారం బండికి వస్తున్నాను. తెడ్డు తెస్తున్నాను. నీ గదికి రాను, సత్రంలో దిగుతాను.

అక్క


పడవ రేవు
సోమవారం

తమ్ముడికి,

నువ్వు విచారణ గదికి రాలేదు. సామాన్ల గోదాము మీద, మెట్లెక్కితే కనబడే మొదటి గదే. గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయావని వంటవాడు చెప్పాడు. కాబట్టి జరిగింది రాస్తున్నాను. చదవకపోతే పొయ్యిలో పెట్టు.

బల్ల వెనక ముగ్గురు పెద్దమనుషులు, పక్కన రాసుకునేవాడు. నేను తెడ్డు బల్ల మీద పెట్టాను. సిరా బుడ్డి దొర్లబోతే రాసుకునేవాడు పట్టుకున్నాడు.

"అమ్మా, ఇది పడవల సంగతి కాదు, ఇది సముద్రం" అన్నాడు మధ్యలో కూర్చున్నాయన.

"అందుకే వచ్చాను" అన్నాను.

మన పడవకి తెడ్డు ఎటుంటుందో, ఎదురుపడితే ఎటు తొలగుతామో చూపించాను. నడిపోడి చేతికి అది నేనెలా ఎక్కించానో చెప్పాను. గడకర్ర సంగతి కూడా చెప్పాను. చిల్లు ఏ పక్కనుందో మీ కాగితంలోనే చూసుకోండి అన్నాను. వాళ్లు కాగితాలు తిరగేశారు. అప్పుడు వంటవాడు లేచాడు. ఎవరూ అడక్కుండానే మొత్తం చెప్పేశాడు.

తర్వాత నేనొక మాట అడిగాను. "వాడికి చక్రం ఎన్ని రోజులు నేర్పారు?"

మధ్యలో ఆయన పక్కాయన్ని చూశాడు. పక్కాయన కాగితం చూశాడు. "పదకొండు రోజులు."

"వాడి చేతికి ఎడమ ఎక్కించడానికి నాకు మూడేళ్లు పట్టింది. మీరు పదకొండు రోజుల్లో దింపేశారా?"

"యుద్ధం కదమ్మా. మనుషులు దొరకడం లేదు."

"దొరికినవాణ్ణి ఏం చేశారో అడుగుతున్నాను."

రాసుకునేవాడి కలం కదల్లేదు. "ఇది కూడా రాయి నాయనా" అన్నాను. వాడు పెద్దాయన మొహం చూశాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఎడమ సంగతి రాశారు, పదకొండు రోజుల సంగతి రాయలేదు.

మెట్ల దగ్గర చక్రంవాడు నా కాళ్ల మీద పడబోయాడు.

"లే. నీకోసం రాలేదు నేను" అన్నాను. "నువ్వు పదేళ్లు లోపల ఉంటే ఆ పదేళ్లూ నిన్ను తిట్టుకుంటూ హాయిగా బతికేదాన్ని. ఇప్పుడదీ లేదు. నా కంటికి కనబడకు."

"నీళ్లలో అతని కోసం కూడా చూశానమ్మా" అన్నాడు.

నేను విననట్టు దిగిపోయాను. దిగాక కూడా వాడంటే నాకు మంటగానే ఉంది. తప్పు లేదని తెలిసినంత మాత్రాన మంట ఆరుతుందా? బతికున్నాడు కదా, అదొక్కటి చాలు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం భర్తీ గుమాస్తా వచ్చాడు. సంచీ, గొడుగు, కొత్త జాబితా. "ఏమమ్మా, అవతలి ఒడ్డుకి" అని పడవెక్కాడు, నేనెవరో గుర్తులేకుండా. సగం దూరంలో ఇసుకమేట తేలింది కదా, అక్కడ పడవ ఆపాను.

"దిగు."

"ఇక్కడేంటి, ఇది ఒడ్డు కాదుగా?"

"తెడ్డు పట్టినవాడికి చక్రం ఎంతసేపన్నావు కదా. సంచీ పట్టినవాడికి ఈత ఎంతసేపు? దిగు."

తెడ్డు ఎత్తాను. దిగాడు. గుమాస్తా సాయంత్రం దాకా గొడుగు వేసుకుని ఇసుకలో నిలబడి కేకలేశాడు. ఇవతలి ఒడ్డు నుంచి నేను చూస్తూ కూర్చున్నాను. నది పొంగు మీద ఉండి ఉంటే బాగుండునని అనుకున్నాను, దాచడం ఎందుకు. చీకటి పడుతుండగా అవతలి పడవవాడు వచ్చి ఎక్కించుకుపోయాడు. ఇవాళ నా రేవులోకి పంతులు తప్ప ఎవరూ రాలేదు. జనం అవతలి పడవ ఎక్కుతున్నారు. నువ్వు చెప్పింది నిజమే.

నాకు అక్క లేదని రాశావు. నాకు మాత్రం మిగిలింది నువ్వొక్కడివే. ఇష్టమైతే రాయి.

అక్క


కార్మికుల బస
శనివారం

అక్కకి,

నీ ఉత్తరం అంది వారమైంది. తీర్పు గోదాము గోడకి అంటించారు. తప్పు నడిపోడిదని ఉంది. భర్తీ మాట ఎక్కడా లేదు. చక్రంవాణ్ణి వదిలేశారు. వంటవాడు సోమవారం వాళ్ల ఊరు వెళ్లిపోయాడు.

ఓడ ముక్కు పని మంగళవారంతో అయిపోయింది. చివరి వరస రివిట్లు నేనే కొట్టాను. గోతిలోకి నీళ్లు వదిలి ఆ సాయంత్రమే సరుకు ఎక్కించారు. చక్రంవాణ్ణి మళ్లీ దాని మీదకే తీసుకున్నారు.

గుమాస్తా మన రేవు నుంచి నలుగుర్ని తెచ్చాడు. అందులో ఒకడు పంతులుగారి చిన్నకొడుకు. ఆయన నీతో చెప్పాడో లేదో. ఇక్కడ తొమ్మిది రోజులు నేర్పుతారనుకున్నారు, ఐదు రోజులే నేర్పారు. నేను వాళ్ల దగ్గరికి వెళ్లి, ఎదురుపడితే కుడికి అని చెప్పాను. తెలుసన్నారు.

ఓడ బుధవారం పొద్దున ఏడు గంటలకి వెళ్లింది. ఆ నలుగురూ దాంట్లోనే వెళ్లారు.

తమ్ముడు